కృష్ణా డెల్టాలో వార్తామార్గములు



కృష్ణా డెల్టా చరిత్రమనగానే పెద్దలకు మొదట తోచునది నీటి చరిత్రము. 1852లో బెజవాడవద్ద ఆనకట్ట పని మొదలైనదనియు, కాటను దొరగారి సంకల్పమును కెప్టెను ఓర్ దొర దగ్గఱనుండి నెఱవేర్చెననియు, 1855 నాటికి పని ముగిసినదనియు మీరెఱిగినదే. ఆ నీటి వెంబడి నడచిన మఱియొక చరిత్రము కలదు. అది మాటయొక్క చరిత్రము. ఒకచోట పుట్టిన మాట వేఱొకచోటికి ఏ త్రోవను పోయినది, ఎంతకాలమునకు చేరినది, చేరకపోయిన నాడు ఏమి జరిగినది అను విషయములను ఈ పూట మీకు మనవి చేసెదను. దూరముననున్నవారు ఒకరి ముఖమొకరు చూచుకొనుచు మాటలాడుకొను వీడియో సమావేశములు ఇప్పుడు గ్రామములకు గూడ వచ్చినవి. ఆ యంత్రములను కుదిర్చెడివారు ఏవేవో అంకెలను, అనుమతులను అందులో నింపి పోవుదురు. ఆ అంకెలలో ఏమున్నదో గ్రామ పెద్దలు కొంత తెలిసికొనుట అవసరమని నా అభిప్రాయము. ఏలయనగా, ఎవరి మాట ఎవరికి వినబడునో, ఎవరి మాట వినబడదో ఆ యంకెలే నిర్ణయించుచున్నవి.

ఆనకట్ట కట్టిన పిమ్మట కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు త్రోవలైనవి. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో గలిపెను. బందరు కాలువ సముద్రతీరపు పట్టణమువైపు పోయెను. ఆవలిగట్టున కొమ్మమూరు కాలువ బకింగుహాము కాలువను గలిసికొనగా మద్రాసు వఱకు జలమార్గ మేర్పడెను. పడవలలో ధాన్యముతోబాటు ఉత్తరములును, వార్తలును, వదంతులును ప్రయాణము చేసెడివి. లాకులవద్ద పడవ ఆగినపుడు సరంగు నోట ఎగువ ఊరి సంగతి దిగువ ఊరికి దిగెడిది. వేసవిలో కాలువ కట్టివేసిన దినములలో సంగతులు కూడ ఎండిపోయెడివి.

పిమ్మట రైలు వచ్చెను. 1889లో హైదరాబాదువైపునుండి నైజాము రైలు బెజవాడ చేరెను. 1893లో కృష్ణపై రైలు వంతెన పూర్తియయ్యెను. జిల్లా కచ్చేరీ బందరులోనే యుండెను. కూడలి మాత్రము బెజవాడలో నిలిచెను. ఈ వింతను గుర్తుంచుకొనుడు. అధికార మొక ఊర, త్రోవలు వేఱొక ఊర ఉండుట ఈ జిల్లాకు నూఱేండ్లకు పైబడిన అలవాటు. 1938 జూన్ 16వ తేదీని మద్రాసు రేడియో కేంద్రము తెఱవబడినపుడు తెలుగు మాట అచ్చటినుండి వినవలసి వచ్చెను. 1948 డిసెంబరు 1వ తేదీని ఈ ప్రాంతమునకు స్వంత రేడియో కేంద్రము వచ్చినపుడు అదియు కూడలియైన బెజవాడకే వచ్చెను గాని బందరునకు రాలేదు.

టెలిగ్రాఫు సంగతి కొంత చెప్పవలెను. మన దేశములో 1851లో కలకత్తాకును డైమండు హార్బరునకును నడుమ తొలి తీగె నడచినది. 1855లో ప్రజలకు తంతి పంపు సదుపాయము కలిగెను. 2013 జూలై నెలలో తంతి సేవను ప్రభుత్వము ముగించినది. ఆ నడుమ కాలమున గ్రామమునకు తంతి వచ్చినదన్న చదువకమునుపే ఇల్లాలు ఏడ్చెడిది. మంచి వార్తను ఖర్చుపెట్టి తంతిలో పంపువారు అరుదు గదా. తంతి వచ్చినను అది ఒకవైపు మాటయే. జవాబు పంపవలెనన్న మరల పోస్టాఫీసు వఱకు నడువవలెను.

వార్త చేరకపోవుట యనగా ఏమో మన తీరమునకు తెలిసినంతగా మఱియొక తీరమునకు తెలియదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై ఉప్పెన విరుచుకొనిపడి సుమారు ముప్పదివేలమందిని పొట్టన పెట్టుకొన్నది. నూట పదమూడేండ్ల పిమ్మట 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై అట్టి ఉప్పెనయే వచ్చెను. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకొని పోయినవి. చనిపోయినవారు పదివేలకు మించిరి. నాటికి టెలిగ్రాఫు కలదు, టెలిఫోను కలదు, రేడియో కలదు. అన్నియు ఉండియు, గాలికి స్తంభములు కూలుటతో దివిసీమ బయటి ప్రపంచమునకు మూగదైపోయెను. నష్టమెంతయో లోకమునకు తెలియుటకు దినములు పట్టెను. హెచ్చరిక లోనికి పోవుటకును, మొఱ బయటికి వచ్చుటకును త్రోవ లేకపోయిన దినములవి.

ఆ దెబ్బ తరువాత వచ్చిన మార్పులలో ఒకటి నాకు చరిత్రకారుల దృష్టికి తగినంతగా రాలేదని తోచును. 1983 ఆగస్టులో ఇన్సాట్ ఉపగ్రహములలో రెండవది ఆకాశమునకు ఎగసిన పిమ్మట, ఆ దశకములోనే తీరప్రాంతములందు తుపాను హెచ్చరిక యంత్రములను అమర్చిరి. ఆ యంత్రము మామూలు రేడియోవంటిది కాదు. ప్రతి యంత్రమునకు ఒక సంకేత సంఖ్య ఉండెడిది. వాతావరణ శాఖవారు ఏ జిల్లాలకు ప్రమాదమున్నదో ఆ జిల్లాల సంఖ్యలను మాత్రమే ముందు పంపుదురు. ఆ సంఖ్య గల యంత్రములు మేల్కొని గంట మ్రోగించి, పిదప ఆయా ప్రాంతీయ భాషలో హెచ్చరికను వినిపించును. తక్కినవి మౌనముగా నుండును. అందఱికి ఒకే మాట చెప్పుటనుండి, చెప్పవలసినవారికి చెప్పుటకు మాఱినది ఇచ్చటనే. సంఖ్య తప్పుగా అమర్చిన యంత్రము మాత్రము తన గ్రామముపైకి ఉప్పెన వచ్చుచున్నను మేల్కొనదు. ఇట్లు మన తీరమున ఒక యంత్రపు అమర్పు మనుష్యుల ప్రాణములతో ముడిపడినది. 1990 మే 9వ తేదీని కృష్ణా ముఖద్వారమువద్ద తీరము దాటిన తుపాను బలములో చిన్నది కాదు. అయినను చనిపోయినవారు వేయిమందికి లోపుగానే యుండిరి. ముందుగా లక్షకు మించిన జనులను మెఱక ప్రాంతములకు తరలింపగలిగిరి. తుపాను ఆశ్రయములు కట్టుటయు, అధికారులు మేలుకొనుటయు అందుకు కారణములే. మాట వేళకు చేరుటయు ఒక కారణమే.

ఇక ముఖములు చూచుకొనుచు మాటలాడు విద్యకు వచ్చెదను. ఇది క్రొత్తదని తలంచుదురు. జర్మనీ దేశమున 1936లోనే బెర్లినునకును లైప్జిగునకును నడుమ పోస్టాఫీసులలో జనులు డబ్బిచ్చి ఒకరినొకరు చూచుచు మాటలాడిరి. యుద్ధము వచ్చి అది ఆగిపోయెను. 1964లో అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీవారు న్యూయార్కు ప్రదర్శనమున ఇట్టి యంత్రమును చూపి, 1970లో పిట్సుబర్గున వ్యాపారమునకు దించిరి. ఖర్చు ఎక్కువ, అవతల యంత్రమున్నవారు తక్కువ. ఒక్క పడవ ఉన్న కాలువవలె అది నిలువలేదు. వేఱువేఱు కంపెనీల యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుటకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమువారు 1990లో ఒక నియమావళిని, కంప్యూటరు తీగెలపై నడచుటకు 1996లో మఱియొక నియమావళిని ఏర్పఱచిరి. ఆ రెండవదాని పేరు హెచ్ 323. మన కథకు ముఖ్యమైనది అదియే.

మన రాష్ట్రములో 1990ల దశకపు తుదినాళ్లలో ఏపీస్వాన్ అను ప్రభుత్వ వలయము నెలకొన్నది. అది హైదరాబాదు సచివాలయమును జిల్లా కేంద్రములతో గలిపెను. జిల్లా కేంద్రములు కాకున్నను అందు చేర్చబడిన పట్టణములు విజయవాడయు తిరుపతియు. ముందు నేను గుర్తుంచుకొనుడని మనవి చేసిన వింత ఇదిగో మరల వచ్చెను. కలెక్టరు బందరులో కూర్చుండును. తీగెల కూడలికి విజయవాడ లేక గడవదు. నాటి ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడుగారు కలెక్టర్లతో వీడియో సమావేశములు జరుపుట నాడు దేశమంతట చర్చకు వచ్చెను. మెచ్చినవారు కలరు, నవ్వినవారు కలరు. కలెక్టరు హైదరాబాదునకు పోయి వచ్చు రెండు దినములు మిగిలినవని కొందఱును, గ్రామములకు పోవలసిన కలెక్టరు తెరముందు కూర్చుండిపోయినాడని కొందఱును అనిరి. రెండు మాటలలోను సత్యము కలదు.

ఆ వలయమున ఒక్కొక్క కేంద్రమునకు వచ్చిన తీగె సెకండునకు ఇరువది లక్షల బిట్లు మోయగలది. బిట్టనగా సమాచారపు గింజ యనుకొనుడు. నాటి మంచి వీడియో సంభాషణ యొక్కటి సెకండునకు 3 లక్షల 84 వేల గింజలు తినును. అనగా ఐదు సంభాషణలతో ఆ తీగె నిండిపోవును. దానిలోనే ఖజానా లెక్కలు పోవలెను, టెలిఫోను మాటలు పోవలెను. కాలువ ఒకటి, రైతులు పెక్కుమంది. అందుచేత వంతులు కట్టవలసి వచ్చెను. ఈ వంతులు కట్టుటయే, తూములకు మనిషిని పెట్టుటయే సమావేశములను నిర్వహించు సాఫ్టువేరు పని. దానికి తగిన అంకెలను నింపుటనే నెట్వర్కు అమర్పు అందురు. ఒక్కొక్కటే చెప్పెదను.

మొదటిది చిరునామా. ప్రతి యంత్రమునకు నాలుగంకెల చిరునామా ఒకటి ఇత్తురు. ఒక్కొక్క అంకె 0 మొదలు 255 వఱకు ఉండవచ్చును. చిరునామాలు లోకమునకంతటికి చాలవని తెలిసిన పిమ్మట 1996లో కొన్నింటిని ఇంటి వాడుకకు విడిచిపెట్టిరి. 10తో మొదలగునవియు, 192, 168తో మొదలగునవియు అట్టివి. ఇవి 'రామాలయము ప్రక్క యిల్లు' అనుటవంటివి. ఊరిలో ఆ మాట చాలును. ఊరి బయట చెప్పిన నవ్వుదురు, రామాలయము లేని ఊరేది? కావున గుమ్మమువద్ద ఒక యంత్రము నిలిచి, బయటికి పోవు ప్రతి కవరుపైన ఇంటి చిరునామాను చెఱిపి ఊరి చిరునామాను వ్రాయును. మామూలు ఉత్తరములకు ఇది చక్కగా సాగును. వీడియో సంభాషణలో చిక్కు వచ్చెను. ఏలయనగా, హెచ్ 323 పద్ధతిలో యంత్రము తన చిరునామాను కవరుపైననే గాక ఉత్తరము లోపల గూడ వ్రాయును. గుమ్మమువాడు కవరు దిద్దునుగాని లోపలి వ్రాతను చూడడు. అవతలివాడు లోపలి చిరునామా చూచి 'రామాలయము ప్రక్క యింటికి' జవాబు వేయును. ఆ జవాబు ఎక్కడికిని చేరదు. దాని ఫలితము, గంట మ్రోగును, అవతలివారు పలికెదరు, వారికి మనము కనబడుదుము, మనకు వారు కనబడరు. తొలినాళ్లలో ఎందఱో దీనిని కెమెరా చెడినదని భ్రమించి కెమెరాలు మార్చిరి. దీనికి మందు, బయటి చిరునామా ఇదియని సాఫ్టువేరులో ముందుగానే చెప్పి లోపలి వ్రాతలోను దానినే వ్రాయించుట.

రెండవది తూములు. ఒక్కొక్క యంత్రమునకు అఱువదైదువేలకు మించిన తూములుండును, వానిని పోర్టులందురు. హెచ్ 323 పిలుపు 1720వ తూమున వచ్చును. పేరు నమోదు చేసికొనుట 1719వ తూమున జరుగును. తరువాత వచ్చిన సిప్ అను పద్ధతి 5060వ తూమును వాడును. గుమ్మమున ఫైర్‌వాలు అను కావలివాడుండును. మన కాలువలపై లష్కరువంటివాడతడు. చెప్పిన తలుపెత్తును, చెప్పనిది ఎత్తడు. ఇచ్చట మెలకువ యేమన, పిలుపు వచ్చు తూము వేఱు, మాటయు బొమ్మయు పోవు తూములు వేఱు. ఆ రెండవ తూములను యంత్రములు అప్పటికప్పుడు తమలో తాము అనుకొని ఏర్పఱచుకొనును. లష్కరు పిలుపు తూము మాత్రమే ఎత్తినచో గంట మ్రోగి, ఎత్తుకొన్న పిదప నిశ్శబ్దము. అందుచేత సాఫ్టువేరులో 'ఈ సంఖ్య మొదలు ఈ సంఖ్య వఱకే వాడుము' అని హద్దు కట్టి, లష్కరునకు ఆ హద్దునే చెప్పవలెను. తొందరపడినవారు అన్ని తలుపులు ఎత్తించి పని జరిగినదని సంతోషించెదరు. పోటు వచ్చు వేళ మురుగు కాలువ తలుపులన్నియు ఎత్తినచో చేలలోనికి ఏమి వచ్చునో తీరపు రైతుకు నేను చెప్పనక్కఱలేదు.

మూడవది వంతు. ఏ కేంద్రమునకు ఎన్ని గింజలు, ఒకేసారి ఎన్ని సంభాషణలు అను లెక్కను నిర్వహణ సాఫ్టువేరులో వ్రాయుదురు. హద్దు మీఱిన పిలుపును అది త్రిప్పిపంపును. అంతేగాక ప్రతి కవరుపైన ఒక గౌరవ సంఖ్య వేయుదురు. మాటకు 46, బొమ్మకు 34 అని వాడుక. త్రోవ ఇఱుకైనపుడు 46 ముందు పోవును. ఈ వరుసను ఏర్పఱచినవారు బుద్ధిమంతులు. ముఖము కనబడకున్నను మాట వినబడిన పని జరుగును. ముఖము కనబడి మాట తెగిపోయిన అది బొమ్మలాటయే. అయినను శివారు భూములకు జరుగు అన్యాయము ఇచ్చటను జరుగును. ఎగువనున్న కార్యాలయము తన వంతునకు మించి త్రాగినచో శివారు కార్యాలయమున బొమ్మ ముక్కలగును. కాలువపై ఈ తగవు మనము నూట డెబ్బదియేండ్లుగా ఎఱుగుదుము. అక్కడ పొలము ఎండి కనబడును. ఇక్కడ 'మీ ప్రాంతమున సిగ్నలు సరిగా లేదు' అని సరిపుచ్చెదరు.

చిన్నవైనను పెద్ద చిక్కులు పెట్టునవి మఱి రెండు కలవు. తీగెకు ఇరుకొనల యంత్రములు రాకపోకలు ఏకకాలమున సాగునా, వంతులవారీగా సాగునా అను విషయమున ఏకాభిప్రాయముతో నుండవలెను. ఒక కొన యంత్రమునకు మనిషి గట్టిగా అంకె పెట్టి, రెండవ కొనను 'నీవే చూచుకొమ్మ'ని విడిచినచో రెండవది భయపడి వంతుల పద్ధతిని పట్టుకొనును. అంతట లాకులో ఎదురెదురుగా రెండు పడవలు దూరినట్లగును. సంభాషణ తెగదు గాని బొమ్మ నిమిషమున కొకసారి చెదరును. ఎక్కడ తప్పున్నదో దొరకదు. రెండవది గడియారము. మన కాలము గ్రీనిచ్ కాలమునకు ఐదున్నర గంటలు ముందు. యంత్రములో ఆ అంకె నింపుట మఱచినచో, పగలు పదకొండు గంటలకు పెట్టిన సమావేశము సాయంకాలము నాలుగున్నరకు తనంతట తానే మొదలై ఖాళీ కుర్చీలను చూపుచుండును. నవ్వుగా నున్నను ఇది జరుగు సంగతియే.

ఉపగ్రహపు త్రోవను గూర్చి ఒక్క మాట. ఉపగ్రహము మనకు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. వెలుగు వేగమున పోయినను మాట పైకి పోయి క్రిందికి వచ్చుటకు సెకండులో నాలుగవ వంతు పట్టును. ప్రశ్నకు జవాబు వచ్చుటకు అర సెకండు. మర్యాదగా ఆగి మాటలాడువారికి అది చాలును. తొందరగా మాటలాడు మన ప్రాంతమువారికి చాలక, ఇద్దఱును ఒకేసారి మొదలుపెట్టి ఇద్దఱును ఒకేసారి ఆగెదరు. ఒకవైపు ప్రయాణము సెకండులో ఏడవ వంతునకు మించకుండుట మేలని అంతర్జాతీయ సంఘము చెప్పినది. అందుచేతనే గాజు తీగెకు అంత గిరాకి కలిగెను.

కోర్టుల సంగతి పెద్దలకు ఆసక్తి కలిగించును. 2003లో సుప్రీముకోర్టువారు మహారాష్ట్ర ప్రభుత్వమునకును ప్రఫుల్ దేశాయి అను వైద్యునకును జరిగిన వ్యాజ్యెమున, సాక్షి విదేశమున నుండి వీడియోలో చెప్పిన సాక్ష్యమును స్వీకరింపవచ్చునని తీర్పు చెప్పిరి. ముద్దాయి ఎదుట సాక్ష్యము తీసికొనవలెనన్న చట్టమునకు, తెరపై కనబడుట గూడ ఎదుట నుండుటయే యని వారు అర్థము చెప్పిరి. 2020లో మహమ్మారి వచ్చి, ఏప్రిల్ 6వ తేదీని ఆ కోర్టే దేశమందలి న్యాయస్థానములన్నిటికిని వీడియో విచారణలను గూర్చి ఆదేశములిచ్చెను. 2019 జనవరి 1వ తేదీనుండి అమరావతి ముఖ్యస్థానముగా ఏర్పడిన మన హైకోర్టునకు అట్లు పుట్టిన రెండవ ఏటనే ఈ పరీక్ష వచ్చెను. పైని చెప్పిన అంకెలలో ఒకటి తప్పి సాక్షి మాట సగము తెగినచో, ఒకని భూమియో, స్వేచ్ఛయో ఆ తెగిన సగముపై ఆధారపడి యుండవచ్చును.

ఆ 2020 ఏప్రిల్ నెలలోనే కేంద్ర హోము మంత్రిత్వశాఖవారు జూమ్ అను ప్రసిద్ధ సాఫ్టువేరు క్షేమకరము కాదని హెచ్చరించి, వాడక తప్పనివారికి కొన్ని జాగ్రత్తలు చెప్పిరి. ప్రతి సమావేశమునకు క్రొత్త సంకేతపదము పెట్టుడు, వచ్చినవారిని వసారాలో నిలిపి పోల్చుకొని లోనికి రానిండు, యజమానికంటె ముందు ఎవరిని చేరనీయకుడు అని. వివాహములు, కర్మలు, పాఠములు అన్నియు తెరకెక్కిన ఆ దినములలో డెల్టా గ్రామములనుండి అమెరికాకు పోయిన బిడ్డలు తండ్రి దహనమును చేతి ఫోనులో చూచిరి. అది చెప్పుటకు మాటలు చాలవు, విడిచెదను.

2014లో రాష్ట్రము విడిపోయెను. 2016లో సచివాలయము వెలగపూడికి వచ్చుటతో సమావేశముల మూలస్థానము హైదరాబాదునుండి కృష్ణ ఒడ్డునకు కదలెను. 2022 ఏప్రిల్ 4వ తేదీని ఎన్టీఆర్ జిల్లా ఏర్పడగా విజయవాడ తనంతట తానే జిల్లా కేంద్రమయ్యెను. బందరు కృష్ణా జిల్లాకు కేంద్రముగా నిలిచెను. 2017 డిసెంబరు 27వ తేదీని రాష్ట్రపతి శ్రీ రామనాథ కోవిందుగారు ప్రారంభించిన ఫైబరు గ్రిడ్డు గాజు తీగెను గ్రామములవైపు నడిపించినది. ఇరువదివేల కిలోమీటర్లకు మించిన ఆ తీగెను నేలలో పాతక కరెంటు స్తంభములపై లాగిరి. త్వరగా పూర్తియైనది, ఖర్చు తగ్గినది. దానిని మెచ్చుకొనవలెను. అయినను దివిసీమను చూచినవాడు స్తంభమును చూచినపుడెల్ల 1977ను తలంచుకొనును. 2014 అక్టోబరులో హుదుద్ తుపాను విశాఖపట్టణమున స్తంభములను వేలకొలది పడగొట్టినది. తీరపు మండలములలోనైన తీగెను నేలలో పాతుటయో, తీగె తెగినపుడు నిస్తంత్రి మార్గము తనంతట తానే అందుకొనునట్లు అమర్చుటయో ఖర్చని మానరాదని నా మతము. రెండవ త్రోవ పేరు సాఫ్టువేరులో వ్రాయనిచో, త్రోవ ఉండియు యంత్రమునకు తెలియదు.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు ప్రాంతమును ముంచెను. అదే వేళ ప్రకాశము బారేజికి పదునొకండు లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చెను. 1957లో బారేజి కట్టిన పిమ్మట అంతటి ప్రవాహము లేదు. ముఖ్యమంత్రి విజయవాడ కలెక్టరు కార్యాలయముననే మకాము వేసి పనులు నడిపిరి. అక్కడ తెరలు వెలుగుచుండెను. కొలది మైళ్ల దూరమున నీటిలో మేడలెక్కిన జనులకు కరెంటు లేదు. చేతి ఫోనులు ఒక్కొక్కటే ఆఱిపోయెను. సమావేశపు తీగె ఎంత మంచిదైనను దాని రెండవ కొన ఒక బ్యాటరీ అని ఆ నాలుగు దినములు తెలిపినవి.

మఱియొక సంగతి చెప్పి విరమించెదను. సమావేశమును నడుపు సాఫ్టువేరులో అధ్యక్షునకు అందఱి మైకులను ఆపు తాళము కలదు. వందలమంది చేరినపుడు అది లేక గడవదు. కుక్క అఱుపు, బండి చప్పుడు అందఱికి వినబడును. కాని తాళము వేసినవాడు మరల తీయుట మఱచినచో, గ్రామమునుండి వచ్చిన పెద్ద గంటసేపు తెరపై చేయెత్తి కూర్చుండి, అందఱికి కనబడుచు, ఎవ్వరికి వినబడక లేచిపోవును. చేయెత్తినవారికి వరుసగా తాళము తీయు అమర్పు అందులోనే కలదు. అది నిర్వాహకుడు ముందుగా గుర్తుపెట్టవలసిన ఒక గడి మాత్రమే.

1984లో గ్రామ కరణముల పదవులు రద్దయినపుడు ఏ చెక్కు ఎవరి దగ్గఱ నున్నదో తెలియక ఎన్ని ఊళ్ల లెక్కలు తారుమారయినవో పెద్దలు మఱచియుండరు. ఈ యంత్రముల అంకెలును నేడు ఒక్క ఉద్యోగి జ్ఞాపకమున నుండుట తఱచు. అతడు బదిలీయైనచో అవియు బదిలీయగును. మీ గ్రామ కార్యాలయమున ఇట్టి యంత్రమును కుదిర్చిన దినముననే దాని చిరునామా, బయటి చిరునామా, తూముల హద్దు, వంతు, రెండవ త్రోవ, గడియారపు అంకె ఒక పుస్తకమున సిరాతో వ్రాయించి తేదీ వేయించుడు. సంకేతపదములను మాత్రము ఆ పుస్తకమున వ్రాయింపక వేఱుగా ముద్ర వేసిన కవరులో బీరువాయందు ఉంచుడు. తుపాను కాలమునకు ముందు, ఆగస్టు సెప్టెంబరు నెలలలో ఒక దినమున కరెంటు ఆపివేసి, మండల కార్యాలయమును పిలిచి, వారికి మీరును మీకు వారును వినబడుదురో లేదో పరీక్షింపుడు.